వైద్యపరిశోధనలో రోగి స్థానము



ఈనాటి నా ప్రసంగవిషయము వైద్యపరిశోధనలో రోగికి గల స్థానము. నేను వైద్యుడను గాను. చిరకాలము బడిలో తెలుగును సంస్కృతమును బోధించి విశ్రమించినవాడను. అట్టివాడు వైద్యమునుగూర్చి మాటలాడనేల యని మీరు తలంపవచ్చును. నేను చెప్పబోవునది మందులనుగూర్చి కాదు. రోగమును పరిశోధించువారికిని, రోగమును అనుభవించువారికిని నడుమ జరుగవలసిన సంభాషణమునుగూర్చి. సంభాషణము మాటలతో కూడిన పని గనుక అందు ఉపాధ్యాయునకును కొంత ప్రవేశము కలదనుకొందును.

మన నూజివీటి ప్రాంతమువారికి ఇది కాలక్షేపమునకు చెప్పుకొను విషయము కాదు. మనకు చేరువలోనే, తిరువూరు వైపున, ఎ. కొండూరు మండలములోని తండాలలో మూత్రపిండముల వ్యాధి ఏండ్ల తరబడి కుటుంబములను కుంగదీయుచున్నది. మన కింకొకవైపున నున్న ఏలూరులో 2020 డిసెంబరు నెలలో వందలకొలది జనులు ఉన్నట్టుండి మూర్ఛలతో నేలకొరగిరి. ఈ రెండు చోట్లకును పరిశోధకులు వచ్చిరి. రక్తము తీసికొనిరి, నీరు సీసాలలో పట్టిరి, కాగితములపై వ్రాసికొనిరి. రేపు వారు మీ యూరికిని రావచ్చును. అప్పుడు మనము చేయి చాచి రక్తమిచ్చి యూరకుండవలెనా, లేక వారితో కూర్చుండి మాటలాడవలెనా? ఇదియే నేటి ప్రశ్న.

మొదట మన పూర్వుల అభిప్రాయము చూతము. చరకసంహితలోని సూత్రస్థానమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. మంచమునకు నాలుగు కోళ్లవలె ఈ నాలుగును కూడినగాని చికిత్స నిలువదు. ఈ నలుగురిలో వైద్యుడే ప్రధానుడని ఆ గ్రంథమే చెప్పుచున్నది. ఐనను రోగిని ఔషధము పోయు పాత్రగా మాత్రమే అది తలంపలేదు. రోగికి నాలుగు గుణములుండవలెనని విధించినది. జరిగినదానిని మఱవని జ్ఞాపకశక్తి ఒకటి, చెప్పినట్లు చేయుట రెండవది, భయపడకుండుట మూడవది, తన రోగమును తెలియజెప్పగలుగుట నాలుగవది. ఈ నాలుగవదానికే జ్ఞాపకత్వమని పేరు. అనగా తనకు తెలిసినదానిని ఎదుటివానికి తెలుపు శక్తి.

ఆ గ్రంథముననే విమానస్థానములో మఱియొక విశేషము కలదు. వైద్యుడు కొన్నిటిని కంటితో చూచియు, కొన్నిటిని తాకియు, కొన్నిటిని ఊహించియు తెలిసికొనవచ్చునట. కాని కోష్ఠము మృదువైనదో కఠినమైనదో, ఏమి ఇష్టమో ఏమి అనిష్టమో, ఏ స్వప్నములు వచ్చుచున్నవో, ఏది సుఖముగా నున్నదో ఏది దుఃఖముగా నున్నదో, ఇవి రోగిని అడిగియే తెలిసికొనవలెనని నిర్ణయించినది. తరువాతి కాలమువాడగు వాగ్భటుడు దర్శనము, స్పర్శనము, ప్రశ్నము అని మూడు పరీక్షలను చెప్పి ప్రశ్నమునకు తక్కిన రెంటితో సమానమైన స్థానమిచ్చెను. కావున రోగిని అడుగుట అనునది పడమటి దేశములనుండి నిన్న మొన్న దిగుమతియైన క్రొత్త వింత కాదు. మన యింటి అటకమీద దుమ్ముపట్టి యున్న వస్తువే.

ఇక మన ప్రాంతపు వాడుకలోని దృష్టాంతమొకటి చెప్పెదను. నూజివీటిలో మామిడి పరిశోధన స్థానము కలదు. ఎక్కడనైన పూత మాడిపోయినచో పరిశోధకుడు తోటలోనికి వచ్చి మొదట రైతును అడుగును. పూత ఎన్నడు వచ్చినది? తేనెమంచు పురుగు ఏ ప్రక్కనుండి కనబడినది? ఏ మందు ఎన్నిసార్లు చల్లితిరి? నిరుడు కాపు ఎట్లుండెను? చెట్టునకు నోరు లేదు గనుక దాని తరపున రైతు చెప్పును. పురుగు పేరు శాస్త్రమునకు తెలియును. ఆ పురుగు ఈ తోటలో ఎట్లు మసలుకొనునో రైతునకు తెలియును. రెండు తెలివులును కలిసినప్పుడే రసాలు గంపకెక్కును. నోరులేని చెట్టునకే ఇంత మర్యాద జరుగుచుండగా, నోరున్న మనుష్యుని అతని రోగమునుగూర్చి అడుగకపోవుట ఏమి న్యాయము?

రోగుల మాటయే శాస్త్రమునకు దారి చూపిన సందర్భము మన తెలుగునాటనే కలదు. దానిని ప్రతి గ్రామపు పెద్దయు తెలిసికొనదగును. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములు అప్పటికి నెల్లూరు జిల్లాలోనివి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అందు చేరినవి. అచ్చటి రైతులు 1930 తరువాతి సంవత్సరములలో ఒక విచిత్రమును గమనించిరని ఆ వ్యాధిచరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. అరకదున్ను ఎడ్లకు కీళ్లు బిగిసికొనిపోయి నడక కష్టమయ్యెను. పిమ్మట మనుష్యులకును అట్టి బాధయే కనబడెను. నడుము వంగదు, మెడ తిరుగదు, పండ్లకు గార పట్టును. 1937లో షార్టు, మెక్‌రాబర్టు మొదలగు వైద్యులు ఈ వ్యాధిని పరిశీలించి, త్రాగునీటిలోని ఫ్లోరైడు దీనికి కారణమని ప్రకటించిరి. భారతదేశమున ఫ్లోరోసిస్ వ్యాధినిగూర్చిన మొదటి ప్రకటనములివియే.

ఇందు గమనింపదగిన విషయమేమి? ఫ్లోరైడు అను పదార్థమును రైతు ఎఱుగడు. దానిని కొలుచు విద్య వైద్యునిది. కాని ఈ ఎద్దు నడకయు ఆ మనుష్యుని నడకయు ఒక్కటే తీరున చెడినవని పోల్చి చూచినది రైతు. ఆ పోలిక పరీక్షాశాలలో పుట్టలేదు, దొడ్డిలో పుట్టినది. మొదటి ప్రశ్న రోగము గల యూరిది, జవాబు శాస్త్రముది.

తరువాత నల్లగొండ జిల్లాలో ఈ వ్యాధియే మఱియొక రూపమున కనబడెను. పిల్లలకు మోకాళ్లు లోపలికి వంగి ఒకదానినొకటి ఒరసికొనుటను హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి గారలు 1973లో లోకమునకు తెలియజేసిరి. నీటిలో పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును తగ్గించు ఉపాయమును నాగపూరులోని శాస్త్రజ్ఞులు రూపొందింపగా, దానికి నల్లగొండ పద్ధతియని పేరు కలిగెను. ఉపాయము మంచిదే. కాని బిందెడు నీటికి ప్రతిదినమును పొళ్లు కొలిచి కలిపి, తేర్చి, వంచుకొనవలసినది ఎవరు? ఇంటి యిల్లాలు. పొలమునకు పోవు తొందరలో అది సాధ్యమో కాదో, ఆ నీటి రుచిని పిల్లలు ఒప్పుకొందురో లేదో ఆమెయే చెప్పగలదు. ఆమెను ముందుగా కూర్చుండబెట్టుకొని ఆలోచింపని ఉపాయము ఎంత శాస్త్రీయమైనను వంటయింటి గడప దాటలేదు.

ఉత్తరమున శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానమును చూడుడు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మొదలగు మండలములలో కొబ్బరి, జీడిమామిడి తోటలతో పచ్చగా నుండు సీమ అది. అచ్చట మధుమేహము గాని రక్తపు పోటు గాని లేనివారికి కూడ మూత్రపిండములు క్రమక్రమముగా చెడిపోవుచున్నవి. 2019లో ప్రచురింపబడిన ఒక పరిశీలనలో 2,210 మందిని పరీక్షింపగా నూటికి 18 మందికి మూత్రపిండముల వ్యాధి యున్నట్లు తేలినది. 2023 డిసెంబరు 14వ తేదీన పలాసలో ఈ వ్యాధికొఱకు 200 పడకల ఆసుపత్రియు పరిశోధన కేంద్రమును ప్రారంభింపబడినవి. నీరా, ఎండలో చెమటయోడ్చుటయా, పురుగుమందులా, వంశమున వచ్చు గుణమా అని శాస్త్రజ్ఞులు ఎన్నో త్రోవలు వెదకిరి. ఒక్కటే కారణమని రూఢిగా తేలలేదు. ఎ. కొండూరు తండాలలో భూగర్భజలముపై అనుమానము బలపడి, ప్రభుత్వము కృష్ణానీటిని అందించు పథకమును చేపట్టినది.

కారణము తెలియని రోగములయందే రోగి సాక్ష్యము మిక్కిలి విలువైనది. ముప్పదియేండ్ల క్రిందట ఏ బావి నీరు త్రాగితిరి? ఆ బావి ఎప్పుడు పూడినది? బోరు ఎన్నడు వేసితిరి? తోటపనికి పోయిన దినము ఎన్ని చెంబుల నీరు త్రాగుదురు, ఎంతసేపు త్రాగకుండ ఓర్చుకొందురు? నొప్పులకు ఏ బిళ్లలు ఎవరి సలహాపై మ్రింగితిరి? మందు చల్లునప్పుడు గుడ్డ ముక్కునకు కట్టుకొందురా, ఎండకు ఓర్వలేక తీసివేయుదురా? ఇవి రక్తపు బొట్టులో కనబడవు. ఏ యంత్రమును గతించిన ముప్పదియేండ్లను కొలువలేదు. అవి రోగి జ్ఞాపకములో మాత్రమే నిలిచియున్నవి. ఆ మనిషి గతించిన పిమ్మట అవియు గతించును.

ఏలూరి సంగతియు ఇట్టిదే. 2020 డిసెంబరు 5వ తేదీ మొదలుకొని కొలది దినములలో అయిదువందలమందికి పైగా ఆసుపత్రికి చేరిరి. చాలమంది శీఘ్రముగనే కోలుకొని యిండ్లకు వెళ్లిరి. ఢిల్లీలోని ఎయిమ్సు సంస్థ రోగుల రక్తములో సీసము, నికెలు ఉన్నట్లు చెప్పెను. మఱికొన్ని సంస్థలు పురుగుమందుల అవశేషములవైపు వ్రేలు చూపినవి. ఇట్టి విపత్తులో ఇంటిలో నలుగురుండగా ఇద్దరే ఏల పడిరి, ఆ దినము వారేమి తినిరి, ఇతరులేమి తినలేదు, పడుటకు ముందు కండ్లకేమి తోచినది అను ప్రశ్నలు ఆసుపత్రి యంత్రములకంటె ముందు అడుగదగినవి. రోగి మఱచిపోకముందే అడుగదగినవి.

ఇచ్చట ఒక ఆక్షేపణ కలదు. రోగి మాట నమ్మదగినదా? బాధలో నున్నవాడు ఒకదానికి పది చెప్పును. గ్రహచారమనును, దిష్టియనును, ప్రక్కయింటివాని చేతబడియనును. నిన్నటి సంగతి నేడు మార్చి చెప్పును. ఈ ఆక్షేపణలో సత్యము లేకపోలేదు. అందుచేతనే రోగి మాటను ఒక్కదానినే ప్రమాణముగా తీసికొమ్మని నేను చెప్పను. న్యాయస్థానమున ఒక్క సాక్షి మాటపై తీర్పు చెప్పుటకు వెనుదీయుదురు. అట్లని సాక్షులను పిలువకుండ తీర్పు చెప్పరు గదా! పదిమంది రోగులను వేర్వేరుగా అడిగి, వారి మాటలను ఒకదానితో నొకటి పోల్చి, పిదప రక్తపరీక్షతోను నీటిపరీక్షతోను సరిచూచినచో నిజము నిలుచును, పొల్లు తేలిపోవును.

ఇంకొక కష్టము భాషలోనున్నది. మా వీథిలో మామిడికాయల కోతకు పోవు వృద్ధుడొకడు కలడు. భుజము నొప్పితో బాధపడుచుండగా, వివరములు సేకరించుటకు వచ్చిన యువకుడొకడు కాగితము ముందు పెట్టుకొని, “తాతగారూ, ఒకటినుండి పది అంకెలలో మీ నొప్పి ఎంత?” అని అడిగెను. వృద్ధుడు చాలసేపు ఆలోచించి, “బాబూ, అంకెల సంగతి నాకు తెలియదు. చిక్కము ఎత్తగలిగిన రోజు నొప్పి తక్కువ. చిక్కము ఎత్తలేక క్రింద రాలిన కాయలు ఏరుకొన్న రోజు ఎక్కువ. ఆ కాయలు కూడ ఆడవాండ్లే ఏరిపెట్టిన రోజు మఱీ ఎక్కువ” అని చెప్పెను. యువకుడు బుద్ధిమంతుడు గనుక ఆ మాటలను అట్లే వ్రాసికొనెను. అంకెల కొలతకంటె ఆ వృద్ధుని కొలతయే నాకు సరియైనదిగా తోచినది. నొప్పి ఎంతయని మాత్రమే గాక, ఆ నొప్పివలన కూలి ఎంత పోయినదో, పరువు ఎంత తగ్గినదో కూడ అది చెప్పుచున్నది. ప్రశ్నలు తయారుచేయునప్పుడే అట్టి వృద్ధుడొకడు ప్రక్కన కూర్చుండినచో ప్రశ్నలే వేఱు విధముగ నుండెడివి.

ఇదియే నా ప్రసంగమునకు కీలకము. రోగిని మూడు విధములుగా చూడవచ్చును. రక్తము, మూత్రము ఇచ్చు వస్తువుగా చూచుట మొదటిది. అడిగినదానికి జవాబు చెప్పు సాక్షిగా చూచుట రెండవది. ఏమి అడుగవలెనో, ఎట్లు అడుగవలెనో, వచ్చిన జవాబులకు అర్థమేమో నిర్ణయించుటలో సహచరునిగా చూచుట మూడవది. మన దేశములో మొదటి దశ సర్వసాధారణము. రెండవ దశయు కొంత వచ్చినది. 2016లో కేంద్రప్రభుత్వము ‘మేరా అస్పతాల్’ అను ఏర్పాటును ప్రారంభించి, ఆసుపత్రికి పోయివచ్చినవారి అభిప్రాయమును ఫోను మూలమున అడుగుట మొదలిడినది. ఇది మంచిదే. కాని ఇందు ప్రశ్న ఆసుపత్రివారిది, జవాబు రోగిది. మూడవ దశకు మనము చేరవలసి యున్నది.

ఇతర దేశములలో ఈ మూడవ దశకొఱకు ప్రయత్నములు జరుగుచున్నవి. 1983లో అమెరికాలోని డెన్వరు నగరమున ఎయిడ్సు వ్యాధిగ్రస్తులు కూడుకొని, తమనుగూర్చి జరుగు నిర్ణయములన్నిటిలోను తమకు స్థానముండవలెనని ప్రకటించిరి. ఇంగ్లండులో 1996లో ఇందుకొఱకై ఒక సంఘమును ప్రభుత్వ వైద్యశాఖ ఏర్పరచినది. కెనడా దేశము 2011లో రోగులను పరిశోధనలో భాగస్వాములను చేయు జాతీయ పథకమును ఆరంభించినది. ఆ దేశమున కాల్గరీ విశ్వవిద్యాలయములో రోగులకే పరిశోధనపద్ధతులను నేర్పి, వారిచేతనే సాటి రోగుల అనుభవములను సేకరింపజేయుదురు. వారి క్రమము మూడు మెట్లుగా నుండును. మొదట కొందఱు రోగులతో కలిసి ఏది వెదకవలెనో నిశ్చయింతురు. రెండవ మెట్టున వివరములు సేకరింతురు. మూడవ మెట్టున తేలిన సంగతులను మరల రోగుల ముందుంచి, ఇది నిజమేనా యని విచారింతురు. 1978లో ఆల్మా ఆటా నగరమున వెలువడిన ప్రపంచారోగ్య ప్రకటనము కూడ, తమ ఆరోగ్యవ్యవస్థను రూపొందించుటలో పాల్గొనుట ప్రజల హక్కే గాక ధర్మము కూడనని చెప్పియున్నది.

రోగిని, అతని కుటుంబమును అడుగకపోయినచో ఏమి జరుగునో మన పొరుగున ఉన్న ఖమ్మం జిల్లాయే చూపినది. గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరును నివారించు టీకానుగూర్చిన ఒక అధ్యయనమును 2009లో ఆ జిల్లాలోని బాలికలపై ‘పాత్’ అను అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలియు రాష్ట్రప్రభుత్వమును తోడుగా, నడపినది. ఆ బాలికలలో అనేకులు హాస్టళ్లలో నుండి చదువుకొను పేద గిరిజన బాలికలు. కొందఱు బాలికలు మరణించిరను వార్తతో కలవరము పుట్టి 2010 ఏప్రిలులో అధ్యయనము నిలిపివేయబడినది. ఆ మరణములకు టీకా కారణము కాకపోవచ్చునని విచారణ సంఘము పేర్కొన్నది. టీకాను నేను నిందించుటలేదు. అది అనేక దేశములలో వాడుకలో నున్న మంచి రక్షణము. నా బాధ వేఱు. 2013లో పార్లమెంటు స్థాయీసంఘము ఇచ్చిన నివేదికలో 9,543 సమ్మతిపత్రములను లెక్కింపగా, 1,948 పత్రములపై వ్రేలిముద్రలును, 2,763 పత్రములపై హాస్టలు వార్డెనుల సంతకములును ఉన్నట్లు వెల్లడియైనది.

ఉపాధ్యాయవృత్తిలో జీవితమును గడిపినవాడను గనుక ఈ అంకె నాకు ములుకువలె గ్రుచ్చుకొనినది. ఆ వార్డెనులు దుర్మార్గులని నేననను. పైనుండి కాగితము వచ్చినది, పిల్లలకు మేలే జరుగునన్నారు, పెద్దవారము గదా యని సంతకము చేసియుందురు. కాని తల్లి బ్రతికియుండగా తల్లి బదులు మఱియొకరు సంతకము చేయ తగదు. మంచికొఱకైనను తగదు.

గ్రామపు పెద్దలారా, ఈ సంగతిని మీకు ప్రత్యేకముగా చెప్పుటకు కారణమున్నది. పరిశోధకుడు ఊరిలోనికి రాగానే మొదట వచ్చునది మీ అరుగుమీదికే. మీరు కుర్చీ వేయించి, మజ్జిగ యిప్పించి, ‘మా యూరివారందఱి తరపున నేనున్నాను, అడుగుడు’ అందురు. ఆ మాటలో ఆదరమున్నది, బాధ్యతయున్నది. కాని అందొక లోపమును గలదు. కడుపుతో నున్న కోడలి బాధ మామగారికి తెలియదు. తండాలో లంబాడీ భాష మాటలాడు అవ్వ బాధ తెలుగు పెద్దకు తెలియదు. మందు చల్లు కూలివాని దగ్గు తోట యజమానికి వినబడదు. వినబడినను, కూలివాడు యజమాని యెదుట దానిని చెప్పడు. మీరు ద్వారము తెఱచి ప్రక్కకు తప్పుకొనుటయే అప్పుడు మీరు చేయు గొప్ప మేలు. ఊరిపెద్ద అనుమతి ఊరిలోనికి వచ్చుటకు చాలును. ఒంటిని తాకుటకు ఆ ఒంటివాని అనుమతియే కావలెను.

కావున మన గ్రామములలో ఎవరైన వైద్యపరిశోధనకు వచ్చినచో పెద్దలు జరిపింపదగిన క్రమమొకటి మనవి చేయుచున్నాను.

మొదటగా, పని ఆరంభింపకముందే ఒక సమావేశము జరుగవలెను. రోగులు, వారికి సేవచేయు ఇంటివారు, ఆశా కార్యకర్త, పరిశోధకులు కూర్చుండవలెను. మీరు దేనిని వెదకుచున్నారు, అది మాకేల కావలెను, మేము వెదకుమను సంగతి ఏది అని అడుగవలెను. పరిశోధకునికి మూత్రపిండము ఏల చెడినదను ప్రశ్న ముఖ్యము కావచ్చును. రోగికో, వారమునకు రెండు మూడు పర్యాయములు రక్తశుద్ధికి పోవుటకు బండి ఎట్లు దొరకునను ప్రశ్న ముఖ్యము. రెండును కాగితమున కెక్కవలెను. స్త్రీలకు వేఱుగా కూటమి ఉండవలెను. తెలుగు రానివారికి వారి భాషలో చెప్పువారుండవలెను.

రెండవదిగా, వివరములు సేకరించు పనిలో ఊరివారే కొందఱుండవలెను. ఆ రోగమును అనుభవించి కొంత కోలుకొన్నవాడు అడిగినచో రోగి దాచక చెప్పును. పని దినములు కూడ చూచుకొనవలెను. చైత్రమునుండి జ్యేష్ఠమువఱకు కోతల కాలము. అప్పుడు పగటిపూట వచ్చినచో ఇండ్లలో ముసలివారును పసివారును తప్ప నుండరు. ఆ లెక్క తప్పుడు లెక్క యగును. కూలి మానుకొని వచ్చినవానికి ఆ దినపు కూలి ఇప్పించుట న్యాయము.

మూడవదిగా, తేలిన ఫలితమును తెలుగులో ఊరికి తిరిగి చెప్పవలెను. మన రక్తము, మన నీరు, మన మాటలు తీసికొనిపోయి ఎక్కడనో ఆంగ్లమున అచ్చువేసి, మనకు ఒక్క పుటయు చూపకుండుట మర్యాద కాదు. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన నైతిక నియమములు కూడ, సమాజముతో ముందుగను, నడుమను, తుదను సంప్రదించుట అవసరమని చెప్పుచున్నవి. పరిశోధనలను పరిశీలించు నైతికసంఘములో వైద్యుడు గాని శాస్త్రజ్ఞుడు గాని కాని సామాన్యుడొకడుండవలెననియు విధించుచున్నవి. కావున మనము అడుగునది భిక్ష కాదు.

నాలుగవది గోప్యత. ఒకరి రోగము రచ్చబండమీది కబురు కారాదు. ఫలానా యూరివారికి మూత్రపిండముల జబ్బు, ఫలానా వీథివారికి ఎముకల జబ్బు అను పేరు పడినచో ఆ యూరి పిల్లలకు సంబంధములు తప్పిపోవును. ఈ భయముతోనే అనేకులు తమ బాధను దాతురు. పేర్లు బయటికి రావని పరిశోధకుడు మాటయిచ్చుట ఎంత అవసరమో, ఆ మాటను ఊరు నిలుపుకొనుటయు అంత అవసరము.

చివరకు ఒక మాట. రోగిని సహచరునిగా చేసికొన్నంత మాత్రమున రోగము కుదురునని నేను చెప్పజాలను. నెల్లూరు సీమలో కారణము 1937లోనే తెలిసినను, మంచినీరు గ్రామములకు చేరుటకు తరములు పట్టినది. వంగిపోయిన నడుములు తిరిగి నిటారు కాలేదు. తెలిసినదానిని ఆచరింపజేయుటకు పరిశోధకుని వ్రాత చాలదు; అడిగి అడిగి విసుగనివారు కావలెను. అట్టివారు ఆ రోగమును మోయుచున్న కుటుంబములలోనే లభింతురు. తాము కూర్చుండి తేల్చిన సంగతిని వారు విడిచిపెట్టరు. ఎవరో వచ్చి వ్రాసికొనిపోయిన సంగతిని ఎవరును జ్ఞప్తియందుంచుకొనరు.

చరకుడు రోగికి జ్ఞాపకత్వమను గుణమును విధించెనని మొదట విన్నవించితిని. చెప్పగలుగుట రోగి ధర్మమైనచో, వినగలుగుట పరిశోధకుని ధర్మము. చెప్పువానికి చోటు కల్పించుట పెద్దల ధర్మము. ఈ మూడవది మీ చేతిలోని పని. దానికి ధనము వలదు, యంత్రము వలదు. అరుగుమీద ఇంకొక చాప పరచి, ఊరిలో ఎవరిని ఇంతవఱకు ఎవరును అడుగలేదో వారిని పిలిచి కూర్చుండబెట్టిన చాలును.